చలికి మొరాయించే బండి

బకెట్టెడు నీళ్ళు బండి మీద పడ్డాయి.

అప్పుడప్పుడే వేడెక్కుతున్న ఇంజను సుయ్యిమని ఆవిరి కక్కి, దగ్గి, ఆగిపోయింది.

ఎదురింటి గదిలో అద్దెకుండే మనిషి నిలువునా తడిసి నిలబడ్డాడు.

"ఇప్పుడు స్టార్ట్ చెయ్యి, చూద్దాం!" అంది బట్టలు కుట్టే ఆమె, ఖాళీ బకెట్టు ఊపుతూ.

పాల ప్యాకెట్లకు వచ్చినవాళ్ళు నవ్వారు.

అతనికి ఆ వీధి పెట్టిన పేరు డుగుడుగు. రోజూ పొద్దున్నే బండిని సరిగ్గా ఆమె కిటికీ ముందుకు తెచ్చి కిక్కు కొట్టేవాడు. బండి అంటుకునేది, వణికేది, టపటపలాడి ఆగిపోయేది. మళ్ళీ కిక్కు. మళ్ళీ దగ్గు. వీధంతా పొగ.

"చలికి అంతే. వేడెక్కితే బాగానే పోతుంది" అనేవాడు అడిగినవాళ్ళతో.

"అదేదో నీ గది ముందే వేడెక్కించుకోవచ్చుగా?" అంటే నేలచూపులు చూసేవాడు.

కిటికీ లోపల మంచం మీద ఆమె నాన్న. ఒకప్పుడు బండ్ల మెకానిక్. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు, మాట అన్నీ ఒకేసారి పడిపోయాయి. ఆస్పత్రిలో మాట తెప్పించే డాక్టరమ్మ దగ్గరికి కొన్నాళ్ళు తిప్పింది. ఒక్క అక్షరం రాలేదు. నాలుగు బట్టలు కుట్టుకోవాలా, నాన్నని మోసుకు తిరగాలా? తిప్పడం మానేసింది. నాన్న షెడ్డు కూడా మూసేసింది. రాత్రంతా ఆయన్ని ఇటూ అటూ ఒత్తిగిలబెడుతూ, తెల్లవారుతుండగా ఇంత కునుకు తీసేది.

సరిగ్గా అప్పుడే డుగుడుగు.

అదైనా ఓర్చుకుంది. కానీ ఈ మధ్య ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నాన్న మంచం మీద గింజుకుంటున్నాడు. మొహం ఎర్రబడుతోంది. ఎడమచేత్తో గాలిలో ఏదో పీకుతున్నాడు. గొంతులోంచి ఏదో తన్నుకొస్తోంది.

"ఛో... ఛో..."

అచ్చం కుక్కని తోలినట్టు.

"విన్నావా? నోరు పడిపోయిన మనిషి కూడా నిన్ను ఛో అంటున్నాడు. సిగ్గనిపించట్లేదూ?"

అతను కారుతున్న నీళ్ళు తుడుచుకోకుండా కిటికీ వైపే చూస్తున్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి, పెదాల మీద నవ్వు. అది చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"పైగా నవ్వుతావేంటయ్యా?"

"అమ్మా, ఇంకొక్క నెల ఓర్చుకోండి. మీ నాన్నగారు..."

"మా నాన్న ఊసెత్తకు!"

"అది కాదమ్మా. మొదటిరోజే చెబుదామని వచ్చాను, మీరు తలుపు..."

వచ్చిన మాట నిజమే. రిపేరుకి వచ్చాడనుకుని "షెడ్డు మూసేశాం" అని మొహం మీదే తలుపేసింది. ఇప్పుడూ అంతే చేసింది.

సాయంత్రం ఎదురింటి ఓనరు దగ్గరికి వెళ్ళింది.

"మా నాన్న ప్రాణం తోడేస్తున్నాడు బాబాయ్‌గారూ. ఈ వీధిలో వాడుండాలో మేముండాలో తేల్చండి."

ఓనరు తేల్చేశాడు. వారం తిరక్కుండా గది ఖాళీ అయింది. వెళ్ళేరోజు అతను బండి స్టార్ట్ చెయ్యలేదు. సంచీ వెనక కట్టుకుని, వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్ళాడు.

మర్నాడు ఆమె కంటినిండా నిద్రపోయింది.

లేచేసరికి నాన్న ఎడమచేత్తో కిటికీ ఊచ పట్టుకుని, బోసిగా ఉన్న వీధిని చూస్తున్నాడు.

"ఛో..." అన్నాడు మెల్లగా.

"పోయాడు నాన్నా. ఇక రాడు. నువ్వు హాయిగా పడుకో."

నాన్న ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగిపోయాడు.

మళ్ళీ ఆ గొంతులోంచి చప్పుడన్నది రాలేదు. చెంచాతో తినిపించబోతే పెదాలు బిగబట్టేవాడు. ఆ చలికాలం దాటకుండానే పోయాడు.

అన్నీ అయ్యాక, ఆస్పత్రి వాళ్ళు వాడుకోమని ఇచ్చిన చక్రాల కుర్చీ తిరిగి ఇవ్వడానికి వెళ్ళింది. వరండాలో డాక్టరమ్మ ఎదురైంది.

"ఎలా ఉన్నారమ్మా నాన్నగారు? చోక్ అన్నారా?"

"ఏంటండీ?"

"అదే, చలికి మొరాయించే బండికి లాగుతారే, ఆ చోక్. చో దాకా వచ్చారు, ఇక క్ ఒక్కటే మిగిలిందని అతను ఎంత సంబరపడ్డాడో! ఆ తర్వాత మళ్ళీ కనపడలేదు."

ఆమె ఖాళీ కుర్చీని ముందుకు తోసింది.

"నాన్న పోయారండీ."

డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"అయ్యో... అంత దగ్గరికొచ్చి! మీరు తీసుకురావడం మానేశాక, తనేం చెయ్యగలడో చెప్పమని అతనే నా దగ్గరికి వచ్చాడు. జన్మంతా చేసిన పనిలోంచి మొదటి మాట వస్తే రావచ్చన్నాను. అయితే చలిలో చోక్ లాగకుండా కిక్కు కొడతాను, బండి మొరాయిస్తుంటే నాన్న తిట్టకుండా ఉండలేడు అన్నాడు. చిన్నప్పుడు షెడ్డులో ఆ తిట్లు తింటూనే పని నేర్చుకున్నాడట. మీరు రోజూ చూస్తూనే ఉండుంటారుగా?"

"ఎవరండీ అతను?"

"నన్నడుగుతారేంటమ్మా? మీ అన్నయ్య."

"నాకు అన్నయ్య లేడండీ. నేనొక్కదాన్నే."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆమెను వింతగా చూసింది.

"మరి 'మా నాన్న చేత ఒక్క మాట అనిపించండి' అని ఇదే వరండాలో నా కాళ్ళు పట్టుకుని ఏడ్చినవాడు, ఆయన కొడుకు కాడా?"