బళ్ళ లెక్క

"కుర్చీ తియ్యమ్మా ఇక్కణ్ణుంచి!"

పురుగుమందుల షాపు అంకమ్మరావు అరిచిన అరుపుకు టీ బంకు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు. రోడ్డు పక్కన మడత కుర్చీ వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, వచ్చిపోయే బళ్ళకు గీతలు గీస్తున్న ఇంజనీరు జ్యోతిర్మయి మాత్రం లేవలేదు.

"గవర్నమెంటు రోడ్డండీ. మూడు రోజులు బళ్ళు లెక్కపెట్టమని ఆర్డరు. వివరాలన్నీ ఇందులో ఉన్నాయి, చదవండి" అంటూ ఒక కాగితం ఇచ్చింది.

అంకమ్మరావు దాన్ని చదవలేదు. నాలుగు ముక్కలు చేసి మురిక్కాలవలో పడేశాడు.

"చదివేదేంది? బళ్ళు ఎక్కువున్నాయని రాసుకుపోతావు. రోడ్డు వెడల్పు చేస్తామని మా షాపులు పడగొడతారు. అంతేగా?"

"అది కాదండీ. లెక్క ఎంతొస్తుందన్న దాన్ని బట్టి..."

"నువ్వు మాకు చెప్పేదేంది అమ్మాయ్!"

గుంటూరు శివారులో ఆ రోడ్డుకు రెండు పక్కలా కలిపి నూట పది షాపులు. మిరప సీజన్లో యార్డుకూ కోల్డ్ స్టోరేజీలకూ పోయే టిక్కీ బస్తాల లారీలతో అక్కడ కాలు పెట్టే సందుండదు. రోడ్డు బాగుపడాలని అందరూ కోరుకునేవాళ్ళే, కాకపోతే వెడల్పు మాత్రం ఎదుటివాడి షాపు వైపు. ఆ షాపులన్నిటి సంఘానికి అంకమ్మరావు ప్రెసిడెంటు. ఎదుటి మనిషి నోరు తెరిస్తే తన పరువు పోతుందనుకునే రకం.

అతను అప్పటికప్పుడు లారీల గౌస్ బాషాను పిలిపించాడు.

"ఒరేయ్ గౌసూ, మూడ్రోజుల పాటు మీ లారీ ఒక్కటి కూడా ఈ రోడ్డెక్కగూడదు. చేలెనక డొంక దారిలోంచి తిప్పండి."

"డొంక నిండా గుంటలేరా. టైర్లు పోతాయి."

"టైరు పోతే ఇంకోటి ఏసుకుంటావు. షాపు పోతే నేనేం ఏసుకోవాలి?"

ఆ మధ్యాహ్నానికి లారీలు డొంక పట్టాయి. ట్రాక్టర్లూ పట్టాయి. అంకమ్మరావు స్వయంగా కర్ర పట్టుకుని మలుపులో నిలబడ్డాడు. పెళ్ళి బస్సును మళ్ళించాడు, గ్యాసు బండిని మళ్ళించాడు, సొంత బావమరిది బుల్లెట్టును కూడా వదల్లేదు. షాపులకు బేరాలు లేవు. అయినా ఒక్కడూ కిక్కురుమనలేదు.

రెండో రోజుకి రోడ్డు బోసిపోయింది. మిరప చేల మీద మాత్రం దుమ్ము లేస్తోంది. జ్యోతిర్మయికి సంగతి అర్థమైంది. లేచి నేరుగా అంకమ్మరావు షాపుకెళ్ళింది.

"అంకమ్మరావు గారూ, లారీల్ని రానివ్వండి. ఒక్క నిమిషం నా మాట వినండి. మీరు చేసే పని మీకే..."

"మాకే? ఏం, శాపనార్థాలు పెడుతున్నావా?"

"శాపాలు కాదండీ..."

"చూశారా! అంకెలు పడిపోయేసరికి మేడం గారికి చెమటలు పడుతున్నాయి!"

షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఎవడో ఈల వేశాడు. జ్యోతిర్మయి మొహం ఎర్రబడింది. అక్కడే ఏడ్చేస్తానేమోనని భయపడి గబగబా మెట్లు దిగింది.

"ఆ పిల్ల చెప్పేదేందో ఇనరాదయ్యా" అంది ఇడ్లీ బండి గురవమ్మ.

"నీ ఇడ్లీల సంగతి నువ్వు చూసుకో."

మూడో రోజు సాయంత్రం ఆమె కుర్చీ మడుస్తుంటే అంకమ్మరావు పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. అందరి చేతుల్లో ఫోన్లు, అన్నిట్లో వీడియో.

"రేపు ఆఫీసులో కూర్చుని అంకెలు దిద్దుతావని తెలుసు. ఇక్కడే మా కళ్ళ ముందు మొత్తం వేసి సంతకం పెట్టు."

"బళ్ళు దారి మళ్ళించారని కింద రాయాలండీ నేను."

"ఎవరు మళ్ళించారు? ఏరా, ఎవడన్నా చూశాడా?"

"మేమేం చూళ్ళేదు" అన్నారు పదిమందీ.

"పోనీ, మా సార్‌ని అడిగి వచ్చే వారం మళ్ళీ లెక్కపెడతాను. అదన్నా ఒప్పుకోండి. మీ మంచికే చెబుతున్నా."

"మళ్ళీ ఇక్కడ కుర్చీ వేశావంటే కుర్చీతో సహా కాలవలో ఉంటావు!"

జ్యోతిర్మయి అతని వంక చూసింది. మూడు రోజులుగా ఓర్చుకుంటున్నదంతా ఆ మాటతో అయిపోయింది. ఇక బతిమాలదలుచుకోలేదు. కూర్చుని మొత్తం వేసింది. రోజుకు సగటున నాలుగు వేల రెండొందల బళ్ళు. సంతకం పెట్టింది. సాక్షులుగా అంకమ్మరావూ, పదిమందీ వరసగా సంతకాలు చేశారు. వాళ్ళే ఫోటో తీసి ఆమె పై ఆఫీసరుకు వాట్సాప్‌లో పంపారు. ఆయన దగ్గర్నుంచి "అందింది, ఇదే ఫైనల్" అని జవాబొచ్చింది.

గౌస్ బాషా వెయ్యి వాలా అంటించాడు. అంకమ్మరావుకు దండ వేశారు. దండతోనే అతను జ్యోతిర్మయి ముందుకొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మూడ్రోజుల నుంచి ఏదో చెబుతా చెబుతా అంటున్నావుగా. ఇప్పుడు చెప్పమ్మా, తీరిగ్గా ఇంటాం."

ఆమె అట్ట సంచిలో పెట్టుకుంది. కుర్చీ చంకలో పెట్టుకుంది.

"రోజుకు ఇరవై వేల బళ్ళు దాటితే మీ షాపుల జోలికి రాకుండా, మీరు లారీలు తిప్పిన ఆ డొంక మీదే బైపాస్ వేద్దామనుకున్నాం, దాటకపోతే బైపాస్ దండగని, ఈ రోడ్డునే రెండు పక్కలా కొట్టేసి వెడల్పు చేస్తారు."