వాయిదాల ప్లీడరు

అత్తగారికి మందు పోస్తుంటే పైకప్పు నుంచి అరచేతంత పెచ్చు ఊడి చెంచా మీద పడింది.

టైలరమ్మ చెంచా కడుక్కొచ్చి మళ్లీ మందు పోసింది.

"ఇవాళ కోర్టు కదూ?" అంది అత్తగారు, దిండు మీది సున్నం దులుపుకుంటూ. తుంటి విరిగిన దగ్గర్నుంచి ఆమెకు ఆ మంచమే లోకం.

"ఆఁ. ఇవాళైనా తీర్పొస్తే కప్పు బాగుచేయిస్తాడు ఆ మహానుభావుడు."

మహానుభావుడంటే ఇంటి ఓనరు. గోడలు చెలమల్లా ఊరుతున్నా తొంగిచూడడు. కుట్టడానికిచ్చిన బట్టలకు బూజు పట్టిందని ఇద్దరు గిరాకీలు దులిపేసి వెళ్లారు. వేరే ఇల్లు వెతుక్కుందామంటే, మంచాన పడ్డ మనిషి ఉందని తెలియగానే అందరూ గేటు దగ్గరే తల అడ్డంగా ఊపుతున్నారు.

అందుకే కేసు వేసింది. మూడేళ్లయింది. తేలదు.

కారణం ఎవరో కాదు, ఆమె ప్లీడరే.

ఆ ముసలాయన్ని కోర్టులో అందరూ వాయిదాల ప్లీడరంటారు. ఒకసారి ఫైలు ఇంట్లో మరిచిపోయానంటాడు. ఒకసారి కళ్లజోడు పగిలిందంటాడు. ఆయన నోట్లో ఉన్న పళ్లకంటే పంటినొప్పి పేరుతో అడిగిన వాయిదాలే ఎక్కువ.

ఆ రోజూ అంతే.

"గొంతు పట్టేసిందండీ. ఒక్క వాయిదా ఇప్పించాలి."

"వాయిదా అడగడానికి మాత్రం బాగానే పలుకుతోందే," అన్నారు జడ్జిగారు.

హాలంతా నవ్వింది. ముసలాయన తల వంచుకుని తనూ నవ్వాడు. వాయిదా దొరికింది.

"ఎందుకు సార్ నన్నిలా చంపుతారు?" అంది టైలరమ్మ బయటికొచ్చాక.

"ఓపిక పట్టమ్మా. ఆలస్యమైతే మనకొచ్చే నష్టమేం లేదు."

"మీకు లేదు. పెచ్చులు పడేది మా అత్త నెత్తిన."

ఆయన ఏదో చెప్పబోయి, వెనకే వస్తున్న ఓనర్ని చూసి నోరు మూసుకున్నాడు.

నాలుగు రోజులాగి, కాళ్లావేళ్లా పడైనా బతిమాలుకుందామని ఆయన ఉండే గదికి బయల్దేరింది. వీధి మలుపులోనే ఆగిపోయింది.

ఆ గదిలోంచి ఓనరు బయటికొస్తున్నాడు.

"బాగా ఆలోచించుకోండి. మీ మేలు కోరి చెబుతున్నా," అంటున్నాడు గుమ్మంలో నిలబడి.

ముసలాయన తల ఊపుతున్నాడు.

ఆమెకు అంతా అర్థమైపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తను పట్టుకుంది.

తర్వాతి వాయిదా రోజు కోర్టు వరండాలో నలుగురి ముందూ ఆయన్ని నిలదీసింది.

"ఓనరుకి అమ్ముడుపోయారు కదా సార్?"

"మెల్లగా మాట్లాడమ్మా."

"ఎందుకు మెల్లగా? ఈ నల్లకోటు గానుగెద్దుకు తొడిగినా గుండ్రంగానైనా నడిచేది. మీరు అదీ లేదు."

గుమాస్తాలు పగలబడి నవ్వారు. ప్లీడర్ల సంఘానికి రాసిన ఫిర్యాదు కాగితం ఆయన మొహం మీదే ఆడించింది.

"నా ఫైలు నాకిచ్చేయండి."

ఐదడుగుల దూరంలో స్తంభానికి ఆనుకుని ఓనరు చెవులు రిక్కించి ఉన్నాడు. ముసలాయన అటొకసారి చూశాడు. ఫైలు చేతికిస్తూ, పెదవులు కదిలీ కదలనట్టు అన్నాడు.

"తీర్పు మాత్రం అడక్కమ్మా."

"బెదిరిస్తున్నారా?"

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కొత్త ప్లీడరు కుర్రాడు. చురుకు. ఫొటోలు తీయించాడు. ఇంజినీర్ని తెచ్చి గోడలు సుత్తితో కొట్టించి చూపించాడు. కోర్టులో మేకు దిగేసినట్టు మాట్లాడాడు. మూడేళ్లలో కానిది ఇరవై రోజుల్లో అయింది.

"పిటిషనర్ చెప్పిన ప్రతి మాటా నిజమే," అని చదివారు జడ్జిగారు. "ఈ ఇల్లు మనుషులు ఉండటానికి పనికిరాదు."

టైలరమ్మ కళ్లు మూసుకుని చేతులు జోడించింది.

"బాగుచేసినా నిలవదని ఇంజినీరు తేల్చారు. కాబట్టి పది రోజుల్లో ఖాళీ చేయించి పడగొట్టాలి."

జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"గెలిచామండీ," అన్నాడు కొత్త ప్లీడరు. "మన పిటిషన్లో ఒక్క అక్షరం కాదనలేదు."

"మరి మేమెక్కడికి పోవాలి సార్?"

"అది మన పిటిషన్లో లేదు కదండీ." అప్పటికే ఇంకో ఫైలు అతని చంకలో ఉంది.

వరండాలో ఓనరు ఎదురొచ్చాడు.

"చల్లగా ఉండమ్మా. మూడేళ్లుగా నేను ఎదురుచూస్తున్న తీర్పు నువ్వే తెచ్చిపెట్టావు. ఆ కొంప పడగొట్టి నాలుగంతస్తులు లేపుదామంటే, కేసు తేలేదాకా నిన్ను కదపొద్దని మొదటిరోజే ఆర్డరు తెచ్చాడు ఆ ముసలాయన. ఆ తర్వాత ఇక తేలనిస్తేగా."

ఆ ఆర్డరు ఆమెకు గుర్తుంది. మడిచి మిషన్ సొరుగులో పడేసింది.

"నాకొక్క ముక్క చెప్పలేదే."

"నీకు చెబితే ఊరంతా చెబుతావు. కావాలనే సాగదీస్తున్నాడని నేనంటే ఎదుటి పక్షం మాటని కొట్టేస్తారు, అదే నీ నోట జడ్జిగారి చెవిన పడితే ఇంకో వాయిదా ఇస్తారా? అందుకే నీచేతా తిట్లు తిన్నాడు, ఆయనచేతా తిన్నాడు."

ఆమె గబగబా మెట్ల వైపు నడిచింది.

"ఆయన గదికేనా? లేడమ్మా. నువ్వు ఫైలు లాక్కున్న సాయంత్రమే ఖాళీ చేసి పోయాడు. ఎక్కడికని ఎవరికీ చెప్పలేదు."

ఆమె వెనక్కి తిరిగింది.

"మీకెలా తెలుసు?"

"ఆ గదీ నాదేగా," అన్నాడు ఓనరు తాపీగా. "నీ కేసు వదిలేదాకా నీళ్లూ కరెంటూ ఇవ్వనని ఏడాది కిందటే కోయించేశాను, అయినా ప్రతి వాయిదాకీ నాకంటే ముందే వచ్చి నిలబడేవాడు."