పావురం మోత

అధికారి గారు పదింటికి వస్తానన్నారు. విర్యో ఎనిమిదింటికే తలపాగా బిగించి రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాడు. చూసి చూసి మెడ మూరెడు సాగింది.

వతుపాకిస్ ఊరి కాపలా దళానికి ఆయనే పెద్ద. ఇవాళ ఊరికి శాంతి గ్రామం పత్రం ఇస్తున్నారు. మూడేళ్ళ కిందట పొగాకు కాటా దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు కత్తులతో పొడుచుకున్నారు. అప్పటినుంచి చుట్టుపక్కల వాళ్ళకిది కత్తుల ఊరు. పొగాకు కొనేవాళ్ళ లారీలు మలుపు దగ్గరే వెనక్కి తిరుగుతున్నాయి. ఆ పత్రం గోడకెక్కితేగాని లారీ లోపలికి రాదు, లారీ వస్తేగాని పొయ్యి మీద కుండ ఉడకదు.

“ఏమయ్యా, మన చిన్నది ఇంకా రాలేదేం? పొద్దున్నే వస్తానందే?” అంది పెళ్ళాం సార్మి, అరటాకులో చుట్టిన జిగురన్నం ముద్దలు పళ్ళేల్లో సర్దుతూ.

“వస్తుందిలేవే. ముందు ఆ ఈగల్ని తోలు.”

ఊరి వాళ్ళందరికీ విర్యో మరోసారి పాఠం అప్పజెప్పించాడు.

“నేరాలకు కారణమేమిటని అడుగుతారు. ఏం చెప్తారు?”

“సారా!”

“పాచికలు!”

“చేతిలో పని లేకపోవడం!”

“బయటి ఊళ్ళ వాళ్ళు!” అని అందరికన్నా గట్టిగా అరిచాడు పార్మిన్. వాడు బయటి ఊరినుంచి ఇల్లరికం వచ్చినవాడే.

కాపలా అంటే ఆషామాషీ కాదు. ఊళ్ళో ప్రతి చూరుకూ ఓ వెదురు డోలు కట్టించాడు విర్యో. దాన్ని కర్రతో కొడితే అవతలి కొండమీద గుడ్లు పెట్టే కోడి ఉలిక్కిపడి, గుడ్డు సగంలో ఆపేస్తుందని ప్రతీతి. రెండేసి దెబ్బలు కొడితే దొంగ. మూడేసి కొడితే నిప్పు. ఆపకుండా టకటకా కొడితే ప్రాణాపాయం. నిదానంగా మొదలై, వేగం అందుకుని, మళ్ళీ నిదానిస్తే పావురం మోత. అంటే అంతా క్షేమమని.

డోలు మోగితే ఊరు ఊరంతా పరుగెత్తాలి. పరుగెత్తింది కూడా. అందుకే ఏడాదిగా ఒక్క నేరమైనా లేదు.

వానాకాలంలో ఒక్కసారి మాత్రం వాగు ఒడ్డునుంచి డోలు మోగింది. అక్కడున్నవి రెండే ఇళ్ళు. ఒకటి సార్తో తాతది. రెండోది ఓ కొత్త జంటది. నలభై మంది కర్రలు పట్టుకుని పోతే, మొగుడు గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆ పిల్ల చెంపకు తడిగుడ్డ అదుముకుని లోపల నిలబడి ఉంది.

“మొగుడూ పెళ్ళాల తగువురా! నడవండి, నడవండి,” అని అందర్నీ వెనక్కి మళ్ళించాడు విర్యో. తర్వాత ఆ పిల్ల దగ్గరకెళ్ళి గొంతు తగ్గించి చెప్పాడు. “చూడు తల్లీ, ప్రాణం మీదికి వస్తే తప్ప దీన్ని ముట్టుకోకు. ఊరి పరువు పోతుంది.”

ఆ పిల్ల తలూపింది. అది నేరాల్లోకి రాలేదు.

పదిన్నరకు మలుపు దగ్గర కారు దుమ్ము లేచింది. సరిగ్గా అప్పుడే వాగు వైపునుంచి డోలు మోగింది.

టకటకటకటక.

జనం బిగుసుకుపోయారు. “విర్యో అన్నా, అది ప్రాణాపాయం మోత!” అంటూ పార్మిన్ కర్ర అందుకున్నాడు.

“ప్రాణమూ లేదు, అపాయమూ లేదు. సార్తో తాత అయ్యుంటాడు,” అని పళ్ళు కొరికాడు విర్యో.

అందరూ భళ్ళున నవ్వారు. తాతకు ఏ మోత ఏదో ఏనాడూ గుర్తుండి చావదు. పోయిన పండక్కి పావురం మోత కొట్టమంటే నిప్పు మోత కొట్టాడు. ఊరంతా బిందెలతో వచ్చి ఆయన్నే తడిపి పోయారు.

“కారొచ్చేసింది! అధికారి గారి చెవిన ఆ గోల పడిందంటే మన పని అయినట్టే. అందరూ పావురం మోత ఎత్తుకోండి. ఊఁ, గట్టిగా!”

రెండొందల డోళ్ళు ఒక్కసారిగా లేచాయి. కొండ రెండు అంగలు వెనక్కి జరిగిందంటే నమ్మాలి. వాగు వైపు డోలు కాసేపు పెనుగులాడింది. తర్వాత వినబడలేదు.

“ముసలాడు లొంగాడు!” అన్నాడు పార్మిన్.

అధికారి గారు కారు దిగి చెవులు మూసుకుని, నవ్వి, తెరిచారు. “ఇంత ఐకమత్యం నేనెక్కడా చూడలేదు. సరే, నేరాలకు కారణమేమిటో చెప్పండి చూద్దాం.”

“బయటి ఊళ్ళ వాళ్ళు!” అంది ఊరు ఒక్క గొంతుతో. సారా, పాచికలు ఎవరికీ గుర్తు రాలేదు.

పత్రం చేతికొచ్చింది. విర్యో దాన్ని గుండెలకు ఆనించుకుని ఫోటోకు నిలబడ్డాడు. ఎదురుగా ముందు వరసలో ఎవరో జిగురన్నం ముద్దను బోసినోటితో కుస్తీ పడుతూ నములుతున్నారు.

సార్తో తాత.

“తాతా! నువ్వు... నువ్వెప్పుడొచ్చావు పైకి?”

“నేనా? కోడి కూయకముందే. ముద్దలు పెడతారంటే ఇంట్లో ఎలా కూర్చుంటానురా? అయినా కాపలా పెద్దవు, మనిషి ఎదురుగా ఉంటే కనబడ్డంలేదా నీకు?”

పత్రం అక్కడే జారవిడిచి వాగు దారిన పరుగు తీసిన విర్యోకు, వెనకనుంచి సార్మి కేక వినబడింది: “ఏమయ్యో, మన చిన్నదాని ఇంటికేనా, అల్లుణ్ణి కూడా రమ్మను, ఇద్దరికీ ముద్దలు దాచి ఉంచాను!”