చలి లేని చోటు

"రాయి తెచ్చినాను వదినా. బేగి ఎల్లి మట్టి అట్టుకొచ్చేయ్. మన చిట్టి గుంట నీ దగ్గరే ఉంటాది," అన్నాడు మా మరిది సుక్రు.

మా చింతపల్లి కొండల్లో మనిషి ఎక్కడ పోయినా, పూడ్చిన చోటి మట్టి పిడికెడు తెచ్చి ఊళ్లో రాయి నిలబెడతాం. అప్పుడే మనిషి ఇల్లు చేరినట్టు.

నా కూతురు చిట్టి విశాఖ పక్కన పూలతోటలో పనికి వెళ్లి జ్వరంతో పోయింది. తోట గట్టునే పూడ్చాం.

మంచుకి గడ్డి తెల్లబారిన పొద్దున జీపెక్కి కిందికి దిగాను. అక్కడ ఎండ మెత్తగా ఉంది. చిట్టి మీద బంతులు విరగబూశాయి.

"ఇక్కడ ఏ నెలైనా పూలేనమ్మా. దుప్పటే అక్కర్లేదు," అని ఫోన్లో మురిసిపోయేది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒకే దుప్పట్లో నన్ను కరుచుకుని పడుకున్నా వణికేది.

పిడికిట్లోకి తీసిన మట్టి గోరువెచ్చగా తగిలింది. కొంగులో కట్టబోయి, మళ్లీ అక్కడే పోసేశాను.

"ఒట్టి సేతుల్తో వచ్చేసినావేటి?" అన్నాడు సుక్రు.

"దానికి సలి పడదు సుక్రూ. అక్కడే ఉండనీ."

రాయిని అలాగే వదిలేసి ఇంట్లోకి వచ్చాను. ఇద్దరం కప్పుకున్న దుప్పటిని ఒక్కదాన్నే కప్పుకున్నాను.