తడి రన్‌వే

"చెప్పులు తీసి కాళ్లు పెట్టండి బాపక్."

పార్లిన్ బల్ల కింద నుంచే అరిచాడు. కొత్త బ్రేకు పెడళ్లు చెక్కకు మరలతో బిగించి, వైరు లాగి కంప్యూటర్‌కు తగిలించాడు. వారమంతా సెల్‌ఫోన్లు బాగుచేసే మనిషి. ఆదివారం కొట్టు కట్టేసి ఈ మేడగదిలో వాలతాడు.

బెకాసి ఊరి బజారులో కంప్యూటర్ల దుకాణం మీద ఉంటుంది ఆ గది. తెర మీద విమానాలు నడిపే సరదా ఉన్నవాళ్లు అక్కడ చేరతారు. రెండు కొమ్ముల స్టీరింగు ఒకరు తెచ్చారు. ఇంజన్ లివరు ఇంకొకరు తెచ్చారు. బ్రేకుకు మాత్రం ఇన్నాళ్లూ ఒక మీటే ఉండేది.

అందరూ బాపక్, అంటే అయ్యా, అని పిలిచే తర్ముజి పెద్దాయన ఒక్కడే అక్కడికి సరదాకు రాలేదు. లారీ తోలి తోలి మానేసిన మనిషి. వానలు మొదలైనప్పుడు మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగాడు.

"తోరిగాలో పడిన విమానంలో మావాడు ఉన్నాడు. ఆ వానలో, ఆ బరువుతో అది ఆగేదో ఆగదో నా చేత్తో చూసుకోవాలి. నేర్పుతారా?"

తోరిగా సంగతి అందరికీ తెలుసు. పాపువా కొండల మధ్య చిన్న రన్‌వే. దాని చివర లోయ. విమానం వానలో దిగి, ఆగక, లోయలో పడింది. ఎవరూ మిగలలేదు. ఆపే వీలుండీ పైలెట్ ఆపలేదని విచారణ చేసినవాళ్లు రాశారు. పెద్దాయన కాగితం మీది మాట వినే మనిషి కాడు.

లెక్క తేలికే. ఆగితే తప్పు పైలెట్‌ది. ఆగకపోతే ఎవరిదీ కాదు.

అప్పటినుంచి ఆదివారం ఆదివారం ఆయన దించుతూనే ఉన్నాడు. విమానం తడి రన్‌వే మీద జారి లోయలో పడుతూనే ఉంది. పడినప్పుడల్లా గదిలో అందరూ ఉసూరుమనేవారు. ఆయన మాత్రం "ఆగలేదు" అని లేచి, టీ తాగి, ఒక సోయాగింజల టెంపె బజ్జీ తిని వెళ్లిపోయేవాడు. గుండె రాయి చేసుకున్నాడని వాళ్లు చెప్పుకునేవారు.

పార్లిన్ బల్ల కింద నుంచి బయటికొచ్చి పచ్చిమిరపకాయ కొరికాడు.

"ఆ కెప్టెన్‌గాడు చచ్చి బతికిపోయాడు. మా బాతాక్ తెగవాళ్లలో అయితే ఇంటిపేరు పట్టుకుని ఊరికి పోయి, వాడి అబ్బను నడివీధిలో నిలదీసేవాణ్ణి. మీ జావా వాళ్లకు ఇంటిపేర్లే లేవాయె! ఎవడు ఎవడి కొడుకో ఎట్లా తెలిసేది?"

గది గొల్లుమంది.

"మాకు తెలుస్తుందిలేవయ్యా," అన్నాడు పెద్దాయన.

కొత్తది ఏది తగిలించినా లివర్లన్నీ ఆ కొస నుంచి ఈ కొసకు ఒకసారి ఆడించాలి. సున్నా ఎక్కడో నిండు ఎక్కడో కంప్యూటర్‌కు చూపించాలి. ఇంజన్ లివరును పూర్తిగా కిందికి లాగిన పార్లిన్ అలాగే ఉండిపోయాడు. తెర మీద గీత అడుగుదాకా దిగలేదు.

"నా మతి మండ! ఇది సున్నాకు రావట్లేదు. మీరు లివరు మూసినా ఇంజన్ సన్నగా తోస్తూనే ఉంది బాపక్. ఇన్నాళ్లూ ఆక్సిలేటర్ తొక్కిపెట్టి లారీ ఆపమన్నట్టు!"

పెద్దాయన తల తిప్పలేదు. "ఉండనీ. చేతికి అలవాటైంది."

"తప్పుగా ఉన్నదాన్ని ఉండనివ్వడమేంటి?"

"పెడళ్లు కూడా వద్దులే. ఆ మీట చాలు."

"మొహమాటం పడకండి. మీకోసమని అందరం కలిసి తెప్పించాం."

పార్లిన్ ఇంకోసారి లివరు ఆడించి సరిచేశాడు. గీత అడుగుకు దిగింది.

వాన, గాలి, బరువు, అన్నీ ఆ రోజువే పెట్టారు. పెద్దాయన అరచేతులు లుంగీకి తుడుచుకుని కొమ్ములు పట్టుకున్నాడు. మబ్బులోంచి రన్‌వే బయటపడింది. చక్రాలు నీళ్లను చీల్చాయి. లివరు మూశాడు. కాళ్లు పెడళ్ల మీదే ఉన్నాయి. నొక్కలేదు.

"నొక్కండి! నొక్కండి బాపక్!"

లోయ దగ్గరికొచ్చేస్తోంది. లారీ తోలిన కాళ్లు. ఆయన్ను అడగలేదు. నొక్కేశాయి.

విమానం ఆగింది. ముందు ఇంకా రన్‌వే మిగిలే ఉంది. ఒక లారీ నిలిపేంత.

గది ఎగిరి గంతేసింది. పార్లిన్ వెనకనుంచి ఆయన్ను వాటేసుకున్నాడు. వాడి కళ్లు తడిశాయి.

"చూశారా! లారీ తోలుకునే మీరు ఆపారు. జీతం తిన్నవాడు ఆపలేకపోయాడు. చేతులారా చంపాడు బాపక్! ఇక మీ కడుపు చల్లబడ్డట్టే."

"చల్లబడిందయ్యా," అన్నాడు పెద్దాయన. చెప్పులు వెతుక్కున్నాడు. టీ ముట్టలేదు.

"వచ్చే ఆదివారం వస్తారుగా? ఊరికే, సరదాకు?"

"ఇక నాకిక్కడేం పని?"

వానలోనే ఇంటికి నడిచాడు. భార్య లాస్మి ముందుగదిలో బట్టలు ఇస్త్రీ చేస్తోంది. తలెత్తకుండానే, ప్రతి ఆదివారం అడిగేదే అడిగింది.

"ఆగిందా?"

ఆయన వాకిట్లోనే నిలబడ్డాడు. గొడుగులోంచి నీళ్లన్నీ కారిపోయేదాకా దులిపాడు.

"ఆగలేదు," అన్నాడు.

లాస్మి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, భుజాన నాలుగు బంగారు చారలున్న కొడుకు కెప్టెన్ చొక్కాను రెండు చేతులా నిమురుతూ, "విన్నావా నాన్నా, నువ్వే కాదు, దాన్ని ఎవరూ ఆపలేరటరా" అంది.