మూడు దోసిళ్లు

ఇందుమూలంగా వేంపల్లె ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, టర్కీ వేడినీళ్ల గుండం మురిగిన కోడిగుడ్డు కంపు కొడుతుంది.

పదిమంది ముసలాళ్లు పగిలిన మడమలు నానబెట్టుకున్న ఆ నీళ్లను, మహానంది కోనేటి తీర్థం తాగే అలవాటు కొద్దీ, నా భార్య సుందరలక్ష్మి కళ్లకద్దుకుని దోసిలితో తాగేసింది. కాపలావాడు చేతులూపుతూ అరిచాడు.

"ఏమయ్యా, ఆయప్ప ఏమంటాండాడు?"

"ఇంకో రెండు దోసిళ్లు తాగమంటాండాడు. మోకాళ్ల నొప్పి పోతాదంట."

"నొప్పి పోతాదంటే విషమైనా తాగుతా" అంటూ తాగింది.

మరుసటి రోజు, రెండేళ్లుగా గోడ పట్టుకోనిదే మెట్టెక్కని మనిషి హోటల్ మెట్లు చకచకా ఎక్కేసింది.

నాకు టర్కీ భాష రాదు. మోకాళ్ల మాట నేనే అల్లాను. ఆమెకు చెప్పకండి. ఆ సాయంత్రం ముక్కు మూసుకుని నేనూ మూడు దోసిళ్లు తాగాను. నావీ మోకాళ్లే కదా!