మూతలో బీరకాయ పచ్చడి

ఆఫీసులన్నీ మరమనుషులకి అప్పగించేశాక, అంతస్తుకొక్క మనిషైనా ఉండి తీరాలని రూలొచ్చింది. ఆ రూలు పుణ్యమా అని నలభై ఆరేళ్ల ఇందుమతికి కాకినాడలో మొదటి ఉద్యోగం దొరికింది. పొద్దుట్నుంచీ ఆవిడ కాలు నేల మీద నిలవడం లేదు. తనకంటూ ఓ సొరుగు, అడక్కుండానే వచ్చే టీ, గుండ్రంగా తిరిగే కుర్చీ. ఎవరూ చూడకుండా అందులో రెండు చుట్లు తిరిగింది కూడా. ఒక్క లోటల్లా, కబుర్లాడే మనిషి లేకపోవడం.

ఒంటిగంటకి క్యారేజీ విప్పి, ఇరుగుపొరుగు అలవాటు కొద్దీ మూతలో ఇంత బీరకాయ పచ్చడి పెట్టి పక్క సీటుకి జరిపింది. పక్క సీటు మరమనిషిది. దానికి తినడానికి నోరే లేదు. ఇందుమతి నాలిక్కరుచుకుని మూత వెనక్కి తీసుకోబోయింది.

"ఉండనివ్వండి మేడం" అని అది మూత పట్టుకుని లిఫ్టెక్కి వెళ్లిపోయింది.

పావుగంటకి తిరిగొచ్చింది. మూతలో నిమ్మకాయ పులిహోర ఉంది.

"ఇదెక్కడిదీ?"

"ఐదో అంతస్తు మేడం ఇచ్చారు. ఖాళీ మూత పంపకూడదట. రేపు మీదేం కూరో కనుక్కురమ్మన్నారు."

ఇందుమతి కుర్చీలో గిర్రున తిరిగింది, ఈసారి అందరూ చూస్తుండగానే.

"గుత్తొంకాయని చెప్పు. మూతలో కాదు, గిన్నెతోనే పంపిస్తానని చెప్పు."